తువ్వాలు కింద లారీ బేరం

"పైన బండి లేకపోవడమేమిటండీ? బండి లేకపోతే మరి మీరు కొన్నదేమిటి?"

ఈ గంటలో రావమ్మ ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. మూడుసార్లూ గోవర్ధనరావు వినిపించుకోనట్టే వీధరుగు మీంచి లోపలికి, లోపల్నుంచి అరుగు మీదికి తిరిగాడు. నిన్న సాయంత్రం రైలు దిగింది మొదలు గుడివాడ బజారంతా "లారీ కొన్నాం" అని చెప్పుకుంటూ ఇల్లు చేరిన మనిషి, ఇవాళ వీధిలో ఎవరైనా పోతుంటే మొహం అటు తిప్పుకుంటున్నాడు.

జవాబు చెప్పవలసిన వాళ్లు ఇంకా ఇద్దరున్నారు. ఒకరు రావమ్మ అన్నగారు శోభనాద్రి. బంటుమిల్లి చుట్టుపక్కల ఎవరు ఎడ్లు కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుని సంతకు పోవలసిందే. ఆయన మండువాలో మంచం మీద కూర్చుని, చుట్ట చివర కొరకడం, ఉమ్మడం, మళ్లీ కొరకడం తప్ప వేరే పని పెట్టుకోలేదు. రెండోవాడు ఇస్సాకు. కోడూరు వాడు, లారీ నడపడానికి కిందటి వారమే కుదుర్చుకున్న డ్రైవరు. బండి తోలుకురమ్మని తెల్లారి రైలుకు బందరు పంపిస్తే, ఒట్టి చేతులూపుకుంటూ వెనక్కి వచ్చాడు.

"మళ్లీ చెప్పు ఇస్సాకూ. నెమ్మదిగా చెప్పు. అక్కడున్నదేమిటి?"

"చాసీ అండీ అమ్మగారూ. ఇంజనూ, చక్రాలూ, ఆ రెంటినీ పట్టి ఉంచే ఇనప చట్రం. అంతే. నేను కూర్చోడానికి పీట కూడా లేదండి. బస్తాలేసుకునే బాడీ వేరే కట్టించుకోవాలన్నారు షాపాయన. ఆయన్నే కట్టించమంటే నాలుగొందల యాభై, పదిహేను రోజులు పడుతుందన్నారు."

గోవర్ధనరావు గిరుక్కున తిరిగాడు. "బేరం నాడు నువ్వూ ఉన్నావుగదరా?"

"ఉన్నానండి."

"అది ఒట్టి చాసీ అని నీకు తెలుసా?"

"లారీలన్నీ అట్టాగే వస్తాయి గదండీ."

"మరి చెప్పడానికి నోట్లో బెల్లం ముక్కేమైనా పెట్టుకున్నావా?"

"నన్నెవరూ అడగలేదండి." ఇస్సాకు తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "తమరు వెనక నిలబడ్డారు, పెద్దయ్యగారూ షాపాయనా తువ్వాలు కప్పుకున్నారు. తువ్వాలు కింద ఏం బేరం జరుగుతోందో నాకెట్టా తెలుస్తదండీ?"

అదీ సంగతి. బేరం తువ్వాలు కింద జరిగింది. ఎడ్ల సంతలో పెద్దమనుషులు నోటితో ధర చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, ఒకరి వేళ్లు ఒకరు పట్టి నొక్కుతారు. ఎన్ని వేళ్లు పడితే అన్ని వందలు, అన్ని పదులు. చుట్టూ పదిమంది మూగినా ఎవరికీ ముక్క తెలియదు. ముప్పై ఏళ్లుగా శోభనాద్రి అట్లాగే కొన్నాడు, అట్లాగే కొనిపెట్టాడు. లారీ దగ్గరికి వచ్చేసరికి పద్ధతెందుకు మార్చాలనుకున్నాడు కాబోలు, బందరు షాపాయన ఈశ్వరప్రసాద్ చేతి మీద కూడా తువ్వాలు కప్పి, రెండువేల ఏడువందలకు బేరం ముగించి, నూటొక్క రూపాయి బయానా ఇప్పించి వచ్చాడు.

రావమ్మ అన్న మంచం పక్కకు వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, గేదె నీళ్లల్లో ఉండగా బేరమాడకూడదని నాకు నువ్వే చెప్పావు. గుర్తుందా?"

"ఉంది."

"మరి ఇదేమిటి?"

శోభనాద్రి చుట్టను పరీక్షగా చూశాడు. "ముందు నిలబెట్టిన బండికి అన్నీ ఉన్నాయి గదే. ఆకుపచ్చ రంగు, చక్కగా చెక్కలు, కూర్చోడానికి మెత్త. మేమెక్కి సముద్రం దారిన చిన్నాపురం దాకా పోయొచ్చాం కూడాను. అదే మనదనుకున్నాను."

"అనుకున్నావు. అడగలేదు."

"ఎద్దు కొనేటప్పుడు కాళ్లు కలిపిస్తావా, విడిగానా అని ఎవరైనా అడుగుతారుటే?"

ఈ మాటకు ఇస్సాకు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వొచ్చిందని రావమ్మకు తెలుసు. తనకూ నవ్వొచ్చేదే, ఆ నాలుగువందల యాభై ఎక్కణ్ణుంచి రావాలో తెలియకపోతే.

ఆమెకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద రాసిచ్చింది బంటుమిల్లిలో మూడున్నర ఎకరాలు. ఎకరం తొమ్మిదివందల లెక్కన మూడెకరాలు అమ్మడానికి మాటయిపోయింది. రేపు రిజిస్ట్రీ. ఆ డబ్బు లారీకి సరిగ్గా సరి. ఆ మూడెకరాలకు ఒప్పుకోవడానికే ఆమెకు రెండు నెలలు పట్టింది. రైసు మిల్లు వాళ్లు కృత్తివెన్ను వైపు ధాన్యం తోలకం తమకే ఇస్తామన్నారనీ, ఎడ్లబండ్లు రెండు రోజులు నడిచే దూరం లారీ పూటలో పోయొస్తుందనీ, ఏడాది తిరిగేసరికి పోయిన మూడెకరాలూ ఆరెకరాలై వస్తాయనీ గోవర్ధనరావు చెప్పగా చెప్పగా తలూపింది. మిగిలిన అరెకరం మాత్రం ముట్టుకోవద్దంది. ఈ ఇల్లు మామగారి పేరున ఉంది, గుడివాడ పొలం భర్త పేరున ఉంది. ఈ భూమ్మీద రావమ్మ అనే పేరున ఇక మిగిలేది ఆ అరెకరమే.

"ఎందుకూ ఇంత రాద్ధాంతం?" అన్నాడు గోవర్ధనరావు ఎట్టకేలకు కుర్చీలో కూలబడి. "దేవుడు లెక్క చూసి పెట్టినట్టే ఉంది. ఆ అరెకరం కూడా కలిపేస్తే సరిగ్గా నాలుగువందల యాభై. రేపెట్లాగూ రిజిస్ట్రీకి పోతున్నాం. ఒక్క ఖర్చుతో రెండు పనులు."

రావమ్మ ఆయన వంక చూసింది. ఆయన మొహంలో దాపరికమేమీ లేదు. నిజంగానే సులువు కనిపెట్టానని అనుకుంటున్నాడు. అందుకే ఆమెకు మరీ ఒళ్లు మండింది.

"లెక్క దేవుడు పెట్టాడు. మరి బుద్ధి ఎవరికి పెట్టాడండీ?"

"మాట జారకు."

"జారింది నా మాట కాదు. మీ ఇద్దరి బేరం."

"బయానా ఇచ్చాం. మీ అన్న చెయ్యి కలిపాడు. ఇప్పుడు కాదంటే ఆయన రేపు ఏ సంతలో తలెత్తుకు తిరుగుతాడు? పదిహేను రోజుల్లో కోతలు. అప్పటికి లారీ గుమ్మంలో లేకపోతే మిల్లువాళ్లు తోలకం ఇంకొకళ్లకిస్తారు. ఏం చెయ్యమంటావు చెప్పు!"



రావమ్మ లోపలికి వెళ్లింది. మళ్లీ వచ్చేటప్పటికి చీర మార్చుకుంది, చేతిలో గొళ్లెం తాళం ఉంది.

"ఒంటిగంట రైలుంది, పదండి. నేనూ వస్తున్నాను."

"ఎక్కడికి?"

"బందరు. షాపుకి."

"ఆడదానివి మోటారు షాపుకొచ్చి ఏం చేస్తావు?"

"ఏమో. పొలం అమ్మడానికైతే ఆడదాని సంతకం పనికొస్తోందిగా!"

*

రైల్లో నలుగురూ నాలుగు దిక్కులు చూస్తూ కూర్చున్నారు. గోవర్ధనరావు అలిగాడు. అలిగినప్పుడు ఆయన కిటికీ ఊచలు లెక్కపెడతాడు. ఇస్సాకు తలుపు దగ్గర నిలబడ్డాడు. శోభనాద్రి రెండుసార్లు చెల్లెలి వైపు తిరిగి ఏదో అనబోయి, కండువాతో మొహం తుడుచుకుని ఊరుకున్నాడు.

రావమ్మ ఆయన్ని పట్టించుకోలేదు. ఆమె తలలో ఒక ఆలోచన తిరుగుతోంది. చిన్నప్పుడు నాన్న భుజమెక్కి సంతకు పోయిన రోజుల నుంచీ విన్న మాట అది. వెయ్యిసార్లు విన్న మాట కావడం వల్ల ఇందాక కోపంలో తట్టనే లేదు. ఇప్పుడు తట్టింది. తట్టగానే ఊపిరి తేలికపడింది. ఉండండి, మీ బందరు తెలివికి మా సంత తెలివి చాలు అనుకుంది. అన్నను ఒక్క ముక్క అడిగి తెలుసుకుంటే సరిపోయేది. కానీ అడిగితే ఆ మాట భర్త చెవిన పడుతుంది, ఆయన ఆ సంబరంలో షాపు గుమ్మంలోనే అంతా కక్కేస్తాడు. అందుకని అడగలేదు. ముప్పై ఏళ్లుగా తప్పని అలవాటు నిన్న ఒక్కరోజు తప్పుతుందా ఏమిటిలే అనుకుంది.

*

ఈశ్వరప్రసాద్‌కు ముప్పై ఏళ్లుంటాయి. నున్నగా దువ్విన క్రాపు, తెల్ల కోటు. రావమ్మను చూసి ఒక్క క్షణం తడబడినా వెంటనే తేరుకుని కుర్చీలు వేయించాడు, సోడాలు తెప్పించాడు. షాపంటే ముందొక గది, వెనక రేకుల షెడ్డు. షెడ్డు నోట్లో ఆకుపచ్చ లారీ పెళ్లికొడుకులా నిలబడి ఉంది. దాని పక్కనే, జానెడు ఎడంలో, వీళ్ల చాసీ. ముందు ఇంజను మూతా, కింద చక్రాలూ తప్ప దానికి ఒళ్లే లేదు. ఆబోతును చూపించి ఎముకలు అంటగట్టినట్టుంది అనుకుంది రావమ్మ.

"అమ్మగారూ, ఇందులో మోసమేమీ లేదండి. లోకంలో ఎక్కడ కొన్నా ఇంతే. కంపెనీ చాసీ పంపిస్తుంది. బాడీ ఎవరికి కావలసినట్టు వాళ్లు కట్టించుకుంటారు. ఆకుపచ్చది మాదిరికి పెట్టాం. నేను చెప్పలేదేమిటా అని మీరనుకోవచ్చు. రావుగారికి తెలిసే ఉంటుందనుకున్నాను."

"మా ఆయన మా అన్నకు తెలుసనుకున్నారు, మా అన్న అదేననుకున్నాడు, మీరేమో తెలిసే ఉంటుందనుకున్నారు. ముగ్గురూ అనుకున్నారే గాని ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు." రావమ్మ సోడా ముట్టుకోలేదు. "మీ దగ్గర ధరల కాగితం అచ్చువేసి ఉంటుందటగా బాబూ. మా అన్న తువ్వాలు కప్పితే ఆ కాగితం చూపించక, చెయ్యెందుకిచ్చారు?"

ఈశ్వరప్రసాద్ నవ్వాడు. నవ్వు బాగానే ఉంది. "మా తాతగారు ఎడ్ల వ్యాపారం చేశారండి. పెద్దాయన తువ్వాలు తియ్యగానే ఆయనే గుర్తొచ్చారు. ముచ్చటేసి ఇచ్చాను."

"అయితే మీకు సంత న్యాయం తెలుసు."

"ఆయన వెంట తిరిగినవాణ్ణే కదండీ."

"నేను చెప్తాను, తప్పుంటే దిద్దండి." రావమ్మ లేచి నిలబడింది. షాపులో ఇంకో ఇద్దరు పెద్దమనుషులు ఏదో కొనడానికి వచ్చి కూర్చుని ఉన్నారు. వాళ్లు కూడా ఇటు తిరిగారు. "కుడిచెయ్యి తువ్వాలు కింద ఉంటుంది. ఎడంచెయ్యి పశువు వీపు మీద ఉంటుంది. వేళ్లు ముడిచే వేళకు కొనేవాడి ఎడంచెయ్యి ఏ పశువు మీద ఉందో, ఆ పశువునే ఇయ్యాలి. దాని జోడును కాదు, దాని తమ్ముణ్ణి కాదు. మెడలో గంటలుంటే గంటలతో, కొమ్ములకు కుప్పెలుంటే కుప్పెలతో. పలుపుతాడు ఒక్కటే అమ్మేవాడిది. అవునా?"

"అవునండి," అన్నాడు ఈశ్వరప్రసాద్. అనేశాక గాని ఆమె ఎక్కడికి వస్తోందో అతనికి అందలేదు. అందగానే చూపు ఆకుపచ్చ లారీ మీదికి పోయింది.

"బేరం ఎక్కడ నిలబడి చేశారు?"

"ఇక్కడేనండి." నెమ్మదిగా చెప్పాడు. "ఈ లారీ ముందే."

"తువ్వాలు మీరొప్పుకున్నారు. వేళ్లు మీరొప్పుకున్నారు. అటువంటప్పుడు న్యాయంలో మీకు నచ్చినంత ఉంచుకుని తక్కినది వదిలేస్తే ఎట్లాగండీ? మా అన్న చెయ్యి వేసిన బండిని మాకియ్యండి. కావాలంటే పలుపుతాడు మీరుంచుకోండి."

కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన ఫక్కున నవ్వాడు. గోవర్ధనరావు కుర్చీలో ముందుకు జరిగాడు. ఇంటి దగ్గర బయల్దేరిన తర్వాత ఆయన భార్య వంక చూడడం ఇదే మొదలు. ఆ చూపులో అలక ఎక్కడా లేదు. ఇంత చదువు నీకెప్పుడొచ్చిందే అన్నట్టుంది.

ఈశ్వరప్రసాద్ మాత్రం నవ్వలేదు. కోటు గుండీ పెట్టుకున్నాడు, తీశాడు.

"నిజం చెప్తున్నానమ్మగారూ, ఆయన చెయ్యి ఎక్కడుందో నేను చూడలేదు. నా ధ్యాసంతా వేళ్ల మీద ఉంది. కానీ శోభనాద్రిగారి సంగతి నేను విన్నాను. బేరంలో ఆయన అబద్ధమాడడని మావైపు కూడా చెప్పుకుంటారు. ఆయన్నే చెప్పమనండి. ఆకుపచ్చ లారీ మీద చెయ్యి ఉందని ఆయనంటే, మా తాత మీద ఆన, ఈ లారీ ఇప్పుడే తోలుకుపోండి. పైన దమ్మిడీ అడగను."

రావమ్మ అరెకరం దక్కిందనుకుంది. అందరూ శోభనాద్రి వైపు తిరిగారు.

ఆయన చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. నేలవంక చూశాడు.

"చెప్పు బావా," అన్నాడు గోవర్ధనరావు.

"దాని మీదే వెయ్యబోయానమ్మాయ్," అన్నాడు శోభనాద్రి చెల్లెలితో.

"వెయ్యబోవడమేమిటి? వేశావా లేదా?"

"కాలింది."

"ఏమిటి కాలింది?"

"చెయ్యి. చిన్నాపురం దాకా తిప్పి అప్పుడే తెచ్చి నిలబెట్టారు గదా. ఇంజను మూత పెనంలాగ కాలిపోతోంది. చురుక్కుమంది. తీసేశాను."

"తీసేసి?"

ఆయన చెయ్యెత్తి పక్కనున్న చాసీని చూపించాడు.

"ఇది చల్లగా ఉంది. దీని మీద వేశాను."

గోవర్ధనరావు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఒక్క అబద్ధం! ఒకే ఒక్కటి, బావా! పుట్టి బుద్ధెరిగి ఒక్కటాడితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"రైల్లో చెబుదామనుకున్నాను. ఇది నన్నడగలేదు," అన్నాడు శోభనాద్రి చెల్లెలిని చూపిస్తూ, తప్పు చేసిన పిల్లవాడిలా.

రావమ్మ తనను తానే తిట్టుకుంది. ఇస్సాకును ఎవరూ అడగలేదు, అన్నను తను అడగలేదు. ఇంటిల్లిపాదికీ ఒకటే జబ్బు, తనకెందుకు రాదు! ఒక్క క్షణం, అన్న అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఆమె మనస్ఫూర్తిగా కోరుకుంది. కోరుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడిన తర్వాత కూడా ఆ కోరిక పోలేదు. ఇంత నిజాయితీ గలవాళ్లను చుట్టూ పెట్టుకుని ఆడది ఎట్లా బతకాలిరా భగవంతుడా అనుకుంది.

ఈశ్వరప్రసాద్ గెలిచినవాడిలా లేడు. శోభనాద్రి వంక కాస్త వింతగా, కాస్త గౌరవంగా చూస్తున్నాడు. అది చూసి రావమ్మ గొంతు సవరించుకుంది. ఇతను మెత్తబడ్డాడు, మెత్తబడిన నేలలోనే నాగలి దిగుతుంది.

"సరే బాబూ. సంత న్యాయం ప్రకారం మేమే ఓడిపోయాం. ఆ ఇనుము మాది. దాని సంగతి తీరిపోయింది. ఇప్పుడు బాడీ బేరం. ఇది మాత్రం నాతో. తువ్వాలు లేదు, వేళ్లు లేవు. నోటితో, నలుగురూ వినేటట్టు."

"నాలుగువందల యాభై అని చెప్పే పంపించానండి."

"అది కొత్తగా కట్టించే బాడీకి. నాకు కొత్తదక్కర్లేదు. ఆ ఆకుపచ్చదాని మీదున్నది ఎప్పుడు కట్టించారు?"

"ఆర్నెల్లయింది."

"ఆర్నెల్లూ ఎండలో నిలబెట్టారు. అటుపక్క రంగు వెలిసింది. వెనక పలక మీద మా అన్నలాంటి పెద్దమనుషులు ఎంతమంది ఎక్కి దిగారో, అంచు అరిగింది. దాన్నే విప్పి మాదాని మీద బిగించండి. మీ మాదిరికి మీరు కొత్తది కట్టించుకోండి, చూడ్డానికి వచ్చేవాళ్లకు కళ్లకింపుగా ఉంటుంది."

"అట్లా విప్పి బిగించడం కుదరదండి."

"కుదురుతదండి," అన్నాడు ఇస్సాకు వెనక నుంచి. "బోల్టులే గదా. నలుగురు పడితే ఒక్కరోజు పని."

ఈశ్వరప్రసాద్ చర్రున చూశాడు. "నిన్నెవరడిగారయ్యా?"

"అడిగాను," అంది రావమ్మ. "ఇక ముందు కూడా అడుగుతాను. రెండువందలిస్తాం."

"చెక్క ఖరీదు కూడా రాదమ్మగారూ! అసలు టేకు."

"టేకు నేనెరుగుదును. మా మండువాకు వేయించాను. కింద పరిచినవి టేకు కాదు, మామూలు చెక్కలు. రంగు వేస్తే తెలియదనుకున్నారా?"

అతను మూడువందల ఎనభై అన్నాడు. ఆమె రెండువందల ఇరవై అంది. అతను తాతగారిని మళ్లీ తలుచుకున్నాడు. ఆమె ఆ తాతగారే ఉంటే ఆర్నెల్లు దున్నిన ఎద్దుకు కోడెదూడ ధర అడిగేవారా అంది. అతను మూడువందల ముప్పైకి దిగి చేతులు కట్టుకున్నాడు. సోడాల గ్యాసు పోయింది. పెద్దమనుషులిద్దరూ తాము కొనవచ్చిన సంగతి మరిచిపోయి, ఒకాయన అటు, ఒకాయన ఇటు చేరారు. గోవర్ధనరావు రెండుసార్లు "పోనీలెద్దూ" అన్నాడు. రెండుసార్లూ రావమ్మ వినిపించుకోలేదు. పొద్దుటినుంచి ఆయన దగ్గరే నేర్చుకుంది ఆ విద్య. చివరికి రెండువందల డెబ్భై అయిదు దగ్గర, ఒక విడి చక్రం ఊరికే ఇచ్చేటట్టు, రేపు సాయంత్రానికల్లా బండి అప్పగించేటట్టు మాట తెగింది.

రావమ్మ కూర్చుంది. గ్యాసు పోయిన సోడా ఎత్తి గటగటా తాగేసింది.

"శభాష్!" అన్నాడు గోవర్ధనరావు. ఆయన మొహం వెలిగిపోతోంది. "అయితే అరెకరం డబ్బులో ఇంకా నూట డెబ్భై అయిదు మిగులుతుందన్నమాట! పెట్రోలుకు సరిపోతుంది."

రావమ్మ గ్లాసు కింద పెట్టింది.

అరెకరం ముట్టుకోకుండా ఆ కాస్త డబ్బూ చేబదులు తెచ్చి తీరుద్దామనే తను ఇంతసేపు నోరు నొప్పెట్టేలా వాదించిందని ఈయనకు తెలియలేదు. చెప్పినా తెలియదు. ఆయన దృష్టిలో అరెకరం పొద్దున్నే అమ్ముడైపోయింది. ఇప్పుడు మిగిలినది చిల్లర.

ఈశ్వరప్రసాద్ బల్ల సొరుగులోంచి అచ్చు కాగితం తీశాడు. కలం సిరాలో ముంచాడు. "ఇది సర్కారు కచేరీకి పంపాలండి. బండి ఎవరి పేరున రాయమంటారు?"

గోవర్ధనరావు కండువా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పబోతున్నాడు.

"ఆ పేరు కొట్టెయ్యండి బాబూ," అంది రావమ్మ. "రావమ్మ అని రాయండి."

కలం ఆగింది.

"ఏమిటీ?" అన్నాడు గోవర్ధనరావు.

"లారీ నా పేరున రాయించండి."

"పరాచికాలకు ఇదా సమయం?"

"నేను ఆడేది పరాచికాలు కాదండీ."

ఆయన పెద్దమనుషుల వైపు చూశాడు, శోభనాద్రి వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్లి మాట్లాడ్డానికి నా పేరున ఇంకేమీ మిగలదు. రేపు పొద్దున మూడున్నర ఎకరాలకూ సంతకం పెడతాను. అరెకరం కూడా ఇస్తాను, వద్దనను. పొలం నాదైనప్పుడు, పొలం పోసి కొన్నది నాదెందుకు కాకూడదు?"

"నీది నాదీ అని ఎప్పుడైనా అనుకున్నామా ఈ ఇంట్లో?"

"మీకు అనుకోవలసిన అవసరం రాలేదు."

"ఊళ్లో ఏమంటారు? పెళ్లాం లారీ మీద మొగుడు గుమాస్తా అంటారు!"

"ఇరవై రెండేళ్లుగా మీ ఇంట్లో నన్నేమన్నారో నేనెప్పుడైనా మీతో చెప్పానా?"

శోభనాద్రి చెవి మీది చుట్ట తీసి వెలిగించబోయి, మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు. ఈశ్వరప్రసాద్ కలం పట్టుకుని ఇటు రాయాలో అటు రాయాలో తెలియక గోవర్ధనరావు వంకే చూస్తున్నాడు.

గోవర్ధనరావు లేచాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. ఎవరితోనూ ఒక్క మాట అనకుండా షాపు మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇస్సాకు గుమ్మం దాకా పరుగెత్తి, అక్కడే ఆగిపోయాడు. "అమ్మగారూ, అయ్యగారు స్టేషను దారి పట్టలేదండీ. అటెటో పోతున్నారు."

శోభనాద్రి చెల్లెలి వంక చూశాడు. "పిలవనా అమ్మాయ్?"

రావమ్మకు భయమేసింది. ఇన్నేళ్లలో ఆయన కోపమొస్తే అరిచాడే గాని, ఇట్లా చెప్పకుండా లేచిపోవడం ఎన్నడూ లేదు. పరుగెత్తి వెళ్లి వెనక్కి తీసుకురావాలనిపించింది. లేవలేదు. లేస్తే మళ్లీ వచ్చి ఈ కుర్చీలో కూర్చోలేనని ఆమెకు తెలుసు.

"అటు చూస్తారేం బాబూ, ఇటు చూసి రాయండి. రావమ్మ."

ఈశ్వరప్రసాద్ రాశాడు. రాసి, కింది గడి దగ్గర ఆగాడు.

"ఇక్కడ తండ్రి పేరుగాని, భర్త పేరుగాని ఉండాలండి."

"అక్కడ ఆయన పేరు రాయండి," అంది రావమ్మ. గుమ్మం వైపు పోబోతున్న చూపును కాగితం మీదే నిలిపింది.